అడగండి, చెబుతాను: చుట్టపుచూపు సాఫ్ట్‌వేర్

గత సంచికలో ఎవరికో జవాబిస్తూ, 2006 జనవరిలో లాస్ వేగాస్ కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షోలో నాలుగు రోజులు నిలబడి, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సాఫ్ట్‌వేర్ చూపించానని ఒక ముక్క రాశాను. మాటవరసకు అన్నదే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే ఉన్నాయి. అందుకని వైఫై, ప్రింటరు, మనవళ్ళ గేముల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు నెట్టేసి, ఈ నెల పేజీలు మొత్తం పెన్‌డ్రైవ్‌కే ఇచ్చేస్తున్నాను.

*

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్లో పంచాంగం ప్రోగ్రాం ఒకటి ఉంది. దాని ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని పూణేలో మా అబ్బాయి ఇంటికి పట్టుకెళ్ళాను. అక్కడ తెరిస్తే ఏదో డీఎల్ఎల్ దొరకలేదని మొరాయించింది. ఫోల్డర్ అంతా తీసుకెళ్ళాను కదా, ఇంకా ఏం తక్కువైంది? మీరు చూపించిన సాఫ్ట్‌వేర్‌కి ఈ ఇబ్బంది ఉండదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, ఇన్‌స్టాల్ చేయడమంటే కాపురం పెట్టడం. కాపురం ఉన్న మనిషి సామానంతా ఒక్క గదిలో ఉండదు. వంటింట్లో డబ్బాలుంటాయి, పెరట్లో తులసి మొక్క ఉంటుంది, పాలవాడి దగ్గర ఖాతా ఉంటుంది, పక్కింట్లో మారు తాళంచెవి ఉంటుంది. సెటప్ నడిపినప్పుడు మీ పంచాంగం చేసింది కూడా ఇదే. కొన్ని ఫైళ్ళు ప్రోగ్రాం ఫైల్స్‌లో పెట్టింది. ఇంకొన్ని, అంటే మీకు దొరకని ఆ డీఎల్ఎల్ లాంటి సాయం ఫైళ్ళు, విండోస్ ఫోల్డర్లో పెట్టింది. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు, మీరు ఎంచుకున్న అక్షరాల సైజు యాప్‌డేటా అనే ఇంకో ఫోల్డర్లో దాచింది. ఏది ఎక్కడుందో రిజిస్ట్రీ అనే చిట్టా పుస్తకంలో రాసుకుంది. మీరు పూణే పట్టుకెళ్ళింది అందులో ఒక్క గది.

పోర్టబుల్ సాఫ్ట్‌వేర్, అంటే నేను చూపించిన రకం, చుట్టపుచూపుగా వచ్చే మనిషి. తన పెట్టె, తన దుప్పటి, వేసుకునే మందులు తనే తెచ్చుకుంటుంది. కావలసిన డీఎల్ఎల్‌లన్నీ తన ఫోల్డర్లోనే ఉంటాయి. సెట్టింగులు కూడా రిజిస్ట్రీకి వెళ్ళకుండా పక్కనే ఒక చిన్న ఫైల్లో ఉంటాయి. "నా ఫైళ్ళు ఈ డ్రైవ్‌లో ఉన్నాయి" అని కాకుండా "నేను ఎక్కడుంటే నా ఫైళ్ళు నా పక్క ఫోల్డర్లో ఉన్నాయి" అని వెతుక్కుంటుంది. ఎందుకంటే ఒక కంప్యూటర్లో 'ఈ' డ్రైవ్ అయిన పెన్‌డ్రైవ్ ఇంకో దాంట్లో 'హెచ్' అవుతుంది.

కొన్ని ప్రోగ్రాములు మాత్రం రిజిస్ట్రీలో రాయకుండా ఉండలేవు, అది వాటి అలవాటు. అలాంటి వాటికి లాంచర్ అని ఒక పెద్దమనిషిని తోడిచ్చి పంపుతారు. లాంచర్ ముందుగా ఆ ఇంట్లో అదే ప్రోగ్రాం కాపురం ఉందేమో చూస్తుంది. ఉంటే దాని సెట్టింగులు పక్కన భద్రంగా పెట్టి, మన సెట్టింగులు వేసి ప్రోగ్రాం నడిపిస్తుంది. మనం మూసేశాక మనవి తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, వాళ్ళవి మళ్ళీ యథాస్థానంలో సర్దుతుంది. అమెరికాలో జాన్ హాలర్ అనే ఆయన 2004లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను ఇలా పెన్‌డ్రైవ్ మీదకి తెచ్చాడు. తరవాత అదే పెద్దదై పోర్టబుల్ యాప్స్ అయింది. ఇవాళ వందల ప్రోగ్రాములు అక్కడ ఉచితంగా దొరుకుతాయి.

మీ పంచాంగానికి పోర్టబుల్ రూపం ఉందేమో తయారుచేసినవాళ్ళనే అడగండి. లేకపోతే పూణేలో కూడా కాపురం పెట్టించక తప్పదు.

*

ప్రశ్న: మేడమ్, మేం నలుగురం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే తెలుగు నిఘంటువు తయారుచేశాం. వచ్చే నెల బెంగళూరు ఎగ్జిబిషన్‌లో మాకు ఒక బల్ల ఇచ్చారు. జనం ముందు ఎప్పుడూ చూపించలేదు, ఒకటే టెన్షన్. ఏమేం చూసుకోవాలి?
– విద్యార్థులు, కాకినాడ

బాబూ, ముందుగా ఒక సంగతి. మీ ల్యాప్‌టాప్‌లో మీ పెన్‌డ్రైవ్ పెట్టి చూపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. అది ఇన్‌స్టాల్ చేసి ఉందో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది? మాకీ సంగతి మొదటి రోజు మధ్యాహ్నానికి గానీ తలకెక్కలేదు.

మా ఎత్తు ఇదీ. బల్ల మీద రెండు పాత ల్యాప్‌టాప్‌లు, రెండింటిలోనూ ఉత్త విండోస్ ఎక్స్‌పీ. మొదటి దాంట్లో 512 ఎంబీ పెన్‌డ్రైవ్ పెట్టి మా మెనూ తెరిచేదాన్ని. అందులోంచి బ్రౌజర్, మెయిల్ తెరిచి, ఒక ఉత్తరం సగం టైప్ చేసి, సరిగ్గా కామా దగ్గర ఆపేదాన్ని. సేవ్ చేసి, మూసి, పీకి, ఎదుటివాళ్ళ చేతిలో పెట్టి, "రెండో దాంట్లో మీరే పెట్టండి" అనేదాన్ని. వాళ్ళే పెట్టేవారు. ఉత్తరం అదే కామా దగ్గర తెరుచుకునేది. నిమిషం లోపు తంతు అది. మెనూలో ఇంకో పదిహేను ప్రోగ్రాములున్నా ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ కామా ఒక్కటే అందరికీ గుర్తుండేది. మీ నిఘంటువులో లక్ష మాటలుంటే ఉండనివ్వండి. ఒక కంప్యూటర్లో గుర్తు పెట్టుకున్న మాట రెండో దాంట్లో కనబడాలి, అదీ చూసేవాళ్ళ చేత్తోనే పెట్టించాలి. అది చాలు.

ఇక మాకు తగిలిన ఎదురుదెబ్బలు చెబుతాను, మీకు పనికొస్తాయి.

రెండో రోజు పొద్దున ఒక పెద్ద దుకాణాల సంస్థ తరఫున సరుకు కొనే ఆయన వచ్చాడు. ఇలాంటివాళ్ళ కోసమే అంత దూరం వెళ్ళేది. ఆ ప్రదర్శన మన నాంపల్లి ఎగ్జిబిషన్‌లా టికెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్ళేది కాదు, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళనే రానిస్తారు. ఆయన "మీ ల్యాప్‌టాప్ ఎందుకు, నా దాంట్లో చూపించు" అన్నాడు. నేను ఎగిరి గంతేసి పెట్టాను. టింగ్‌మని చప్పుడైతే వచ్చింది కానీ మై కంప్యూటర్లో డ్రైవ్ లేదు. తీసి మళ్ళీ పెట్టాను, లేదు. ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టాను, అదీ లేదు. చలికాలం, హాల్లో ఏసీ, అయినా నాకు చెమటలు. ఆయన గడియారం చూసుకుని, కార్డు ఇచ్చి, చిరునవ్వుతో వెళ్ళిపోయాడు. అలాంటి చిరునవ్వు కన్నా తిట్టినా నయమే.

సాయంత్రం హోటల్ గదిలో కూర్చుని ఆలోచిస్తే విషయం దొరికింది. ఆయన ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్‌కి 'ఎఫ్' అనే అక్షరం ఇచ్చి ఉంది. ఎక్స్‌పీ మా పెన్‌డ్రైవ్‌కి కూడా అదే 'ఎఫ్' కట్టబెట్టింది. ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చుంటే వెనకాల కూర్చున్నవాడు కనపడడు. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి అక్షరం మారిస్తే అర నిమిషం పని. కానీ ఆ అర నిమిషం పొద్దున కావాలి, రాత్రి కాదు. మీరు కూడా డ్రైవ్ కనపడకపోతే ముందు అక్కడికే వెళ్ళండి.

మూడో రోజు ల్యాప్‌టాప్ పోర్టు వదులైపోయింది. మామూలు యూఎస్‌బీ మూతికి 1500 సార్లు పెట్టి తీయడం వరకు ఓర్పు ఉండాలని లెక్క. రోజుకి రెండు వందల సార్లు పెట్టి తీశాం కాబట్టి ఇంకా బోలెడు మిగిలి ఉండాలి. కానీ మాది అంతకు ముందే నాలుగేళ్ళు వాడిన ల్యాప్‌టాప్. అందుకని ఒక జానెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనుక్కోండి. అరిగేది అదే అరుగుతుంది, పోతే ఇంకోటి తగిలించవచ్చు. పైగా చూసేవాళ్ళు వంగి ల్యాప్‌టాప్ వెనకాల తడుముకోనక్కర్లేదు. పెన్‌డ్రైవ్ మొదటిసారి ఎప్పుడూ తిరగేసే పెడతారు, అది మాత్రం ఎవరూ మార్చలేరు. యూఎస్‌బీకి రూపమిచ్చిన బృందంలో ముఖ్యుడైన అజయ్ భట్ మనవాడే, బరోడాలో చదువుకున్నాడు. ఎటు పెట్టినా పట్టేలా చేస్తే ఖర్చు చాలా పెరిగేదని ఆయనే తరవాత చెప్పుకొచ్చాడు.

ఇంటర్నెట్‌ను నమ్ముకోకండి. వేల మంది ఒకే హాల్లో ఉంటే వైఫై ఉన్నా లేనట్టే. మీ నిఘంటువు ఇంటర్నెట్ లేకుండా పూర్తిగా నడవాలి. ఆ మాటకొస్తే అదే మీ గొప్ప.

తెలుగు అక్షరాల సంగతి మీకు నాకన్నా బాగా తెలిసుండాలి. అయినా చెబుతాను. ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు సరిగ్గా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేయాల్సి వచ్చేది. లేకపోతే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట చెల్లాచెదురుగా పడేవి. ఇప్పుడు విండోస్‌లో నిర్మలా ఫాంట్ ఉంటోంది కాబట్టి ఆ బాధ లేదు. కానీ మీ సొంత ఫాంట్ వాడుతుంటే దాన్ని ఎదుటివాళ్ళ ఫాంట్ల ఫోల్డర్లో పడేయకండి. చుట్టపుచూపుకి వెళ్ళినవాళ్ళు గోడకి మేకులు కొట్టకూడదు. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ దానికి మాత్రమే కనపడేలా ఫాంట్‌ను లోడ్ చేసుకునే సదుపాయం విండోస్‌లోనే ఉంది, అది వాడండి. యూజర్ పేరు తెలుగులో ఉన్న కంప్యూటర్లో కూడా ఒకసారి నడిపి చూడండి. తెలుగు నిఘంటువు తెలుగు పేరున్న ఫోల్డర్ దగ్గర చతికిలపడితే నవ్వుతారు.

ఇంకొకటి. ఫైలు చిన్నదవుతుందని ప్రోగ్రాంను యూపీఎక్స్ లాంటి వాటితో కుదించి ఉంటే, ఆ కుదింపు తీసేయండి. వైరస్‌లు కూడా అదే ముసుగు వేసుకుంటాయి కాబట్టి యాంటీవైరస్ ముందూవెనకా చూడకుండా మీ ఫైలును మింగేస్తుంది. మా రోజుల్లో ఎంబీలు లెక్కపెట్టుకునేవాళ్ళం, మీకు ఆ కరువు లేదు. అలాగే మీ ప్రోగ్రాంకు కావలసిన విజువల్ సీ రన్‌టైమో, డాట్‌నెట్టో ఎదుటివాళ్ళ కంప్యూటర్లో ఉంటుందనుకోకండి, మూట కట్టి వెంట తీసుకెళ్ళండి. మీ నలుగురి కంప్యూటర్లలోనూ నడవడం పరీక్ష కాదు. కాలేజీ ఆఫీసులో గుమస్తా గారి కంప్యూటర్లో నడిస్తే అప్పుడు ధైర్యంగా రైలెక్కండి.

ఆరు పెన్‌డ్రైవ్‌లు సిద్ధం చేసుకోండి. రెండు ఎవరో ఒకరు పొరపాటున జేబులో వేసుకుని వెళ్ళిపోతారు. అనుభవం.

*

ప్రశ్న: పాత సామాన్లలో ఒక పెన్‌డ్రైవ్ దొరికింది. పెడితే రెండు డ్రైవ్‌లు కనబడుతున్నాయి. ఒకటి మామూలుది, ఇంకోటి సీడీ బొమ్మతో. సీడీ దాన్ని డిలీట్ చేద్దామంటే కుదరదు, ఫార్మాట్ కూడా కావడం లేదు. వైరస్సా?
– మొబైల్ షాపు యజమాని, వరంగల్

వైరస్ కాదు, యూ3. పెన్‌డ్రైవ్ మీద అక్షరం, అంకె కలిపి ఆ గుర్తు ఉంటుంది చూడండి. శాన్‌డిస్క్, ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ కలిసి 2005లో దీన్ని బజారులోకి తెచ్చాయి. ఆ ఎం-సిస్టమ్స్ వాళ్ళే 2000లో ఐబీఎం పేరుతో అమ్ముడైన 8 ఎంబీ పెన్‌డ్రైవ్ చేసినవాళ్ళు. అవును, ఎనిమిది ఎంబీనే. ఇప్పుడు మన ఫోను తీసే ఫోటోలు రెండో మూడో పడతాయి అందులో.

యూ3 కిటుకు ఇదీ. అప్పట్లో విండోస్‌లో సీడీ వేస్తే దానంతటదే నడిచేది. పెన్‌డ్రైవ్ పెడితే అలా నడిచేది కాదు, ఏం చేయమంటారని అడిగేది. అందుకని పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న భాగం "నేను సీడీని" అని కంప్యూటర్‌తో అబద్ధమాడేది. విండోస్ నమ్మి దాన్ని నడిపేది. వెంటనే మెనూ తెరుచుకునేది. చూసేవాళ్ళకు మాయాజాలంలా ఉండేది. సీడీ మీద రాయలేం, చెరపలేం కదా! మీ ఫార్మాట్ పనిచేయకపోవడానికి కారణం అదే. దాన్ని తొలగించడానికి యూ3 వాళ్ళదే ఒక ప్రత్యేక ప్రోగ్రాం ఉండేది. అది చేతిలో లేకపోతే ఆ కొద్దిపాటి ఎంబీల జోలికి పోకుండా మిగతాది వాడుకోండి.

మెనూ తెరవడానికి మాయ చేసిన ఆ తలుపులోంచే దొంగలూ వచ్చారు. దానంతటదే నడిచే ఆ సదుపాయాన్ని, పెన్‌డ్రైవ్ పెడితే అడిగే ఆ ప్రశ్నను వాడుకుని 2008 చివర్లో మొదలైన కాన్‌ఫికర్ అనే కంప్యూటర్ పురుగు పెన్‌డ్రైవ్‌ల మీద లోకమంతా తిరిగింది. విండోస్ 7తో మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌లకు ఆ తలుపు మూసేసింది. 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్‌గా అదే పంపింది. సీడీలకు మాత్రం మూయలేదు. అందుకే మీ యూ3 ఇప్పటికీ నేను సీడీని అని పాత అబద్ధమే చెబుతోంది.

*

ప్రశ్న: పెద్ద ప్రదర్శనల్లో చూపించే డెమోలన్నీ ముందే రికార్డు చేసిన నాటకాలని విన్నాను. నిజమేనా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

కొన్ని నిజంగా నాటకాలే. కానీ నాటకమైతే ఇంత ఘోరంగా పరువు పోదు కదా! 1998 ఏప్రిల్‌లో షికాగో కామ్‌డెక్స్ ప్రదర్శనలో బిల్ గేట్స్ పక్కన నిలబడి ఆయన సహచరుడు క్రిస్ కపొసెల్లా విండోస్ 98 చూపిస్తున్నాడు. యూఎస్‌బీ స్కానర్ తగిలిస్తే చాలు, విండోస్ తనే గుర్తుపడుతుందని చెప్పి తగిలించాడు. వెంటనే విండోస్ కుప్పకూలి నీలం తెర పడింది. హాలంతా గొల్లుమంది. అందుకే దీన్ని ఇంకా అమ్మకానికి పెట్టలేదు కాబోలని గేట్స్ నవ్వుతూ సర్దేశాడు. 2005 జనవరిలో లాస్ వేగాస్‌లో మా ప్రదర్శన ప్రారంభోపన్యాసంలోనూ ఆయన డెమో మొండికేసింది. అంతటివాళ్ళకే తప్పలేదని తలుచుకుని, ఎఫ్ డ్రైవ్ రాత్రి నేను కాస్త నిద్రపోయాను.

*

ప్రశ్న: పోర్టబుల్ ఫోటోషాప్ అని ఫ్రీగా దొరుకుతోంది. స్టూడియోలో వాడుకోవచ్చా?
– ఫోటో స్టూడియో, రాజమండ్రి

వద్దు. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ వాళ్ళు అలాంటిది ఇవ్వరు. ఎవరో తాళం పగలగొట్టి మూటకట్టిన దొంగసరుకు అది, మూటలో ఇంకేం పెట్టారో వాళ్ళకే తెలుసు. పెళ్ళి ఆల్బమ్‌లన్నీ ఉన్న కంప్యూటర్లో దాన్ని నడపకండి. ఫోటోలు దిద్దే జింప్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఆఫీసు పనులకు లిబ్రె ఆఫీస్, వీడియోలు చూపే వీఎల్‌సీలకు అసలైన పోర్టబుల్ రూపాలే ఉచితంగా ఉన్నాయి. జింప్ అలవాటయ్యేదాకా పది రోజులు విసుగొస్తుంది, ఓర్చుకోండి.

*

ప్రశ్న: మా ఇంట్లో కంప్యూటర్ లేదు. జిరాక్స్ షాపులో గంటకింత అని కూర్చోనిస్తారు. పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ బ్రౌజర్ పెట్టుకుని అక్కడ బ్యాంకు పనులు చేసుకుంటే ఏ జాడా మిగలదని మా తమ్ముడు అంటున్నాడు. నమ్మవచ్చా?
– గృహిణి, నిజామాబాద్

అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దండం పెడతాను. ఎందుకంటే మీ తమ్ముడు చెప్పిన మాటే నేను నిలువెత్తు పోస్టర్ మీద రాయించి లాస్ వేగాస్‌లో నిలబెట్టాను. "పీకేయండి, జాడ మిగలదు" అని దాని అర్థం. ఆ పోస్టర్ నేనే రాశాను, నేనే మురిసిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం, భోజనాలకు జనం పలచబడిన వేళ, తెల్లగడ్డం పెద్దాయన ఒకరు వచ్చారు. కామా తంతు అంతా ఓపిగ్గా చూశారు. పోస్టర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "ఆ మొదటి ల్యాప్‌టాప్‌లో ఏమీ మిగల్లేదంటావా?" అన్నారు. నేను దర్జాగా స్టార్ట్ మెనూ తెరిచి చూపించాను, లేదు. ప్రోగ్రాం ఫైల్స్ చూపించాను, లేదు. బ్రౌజర్ హిస్టరీ చూపించాను, ఖాళీ. "కుర్చీ ఇస్తావా" అన్నారు.

కూర్చుని రిజిస్ట్రీ తెరిచారు. అందులో యూఎస్‌బీస్టోర్ అని ఒక గది ఉంది. మా పెన్‌డ్రైవ్ ఏ కంపెనీదో, దాని సీరియల్ నంబరు ఏమిటో అక్కడ రాసి ఉంది. విండోస్ ఫోల్డర్లోకి వెళ్ళి సెటప్ఏపీఐ లాగ్ అనే ఫైలు తెరిచారు. అది మొదటిసారి ఏ రోజు, ఏ గంటకు పెట్టామో అక్కడుంది. తరవాత ప్రీఫెచ్ ఫోల్డర్. ఏ ప్రోగ్రాం నడిచిందో పేరుతో సహా అక్కడ ఫైలు పడి ఉంది, మా లాంచర్ పేరు మొట్టమొదటే. ఐదు నిమిషాలు పట్టలేదు. ఒక్క మాట కూడా గొంతు పెంచి అనలేదు. లేచి, "నీ సాఫ్ట్‌వేర్ బాగుంది. పోస్టర్ బాగా లేదు" అని చెప్పి పక్క స్టాల్‌కి వెళ్ళిపోయారు.

చుట్టం ఇల్లు ఊడ్చి, పక్క మడతపెట్టి వెళ్ళవచ్చు. కానీ వీధిలోవాళ్ళు ఆటో దిగడం చూశారు, వాచ్‌మన్ పుస్తకంలో పేరు రాసుకున్నాడు. పోర్టబుల్ ప్రోగ్రాం తను రాసింది తను తుడవగలదు, విండోస్ తన లెక్కల కోసం రాసుకున్నదాన్ని తుడవలేదు. ఆ సాయంత్రమే ఒక తెల్లకాగితం మీద "మీ ఫైళ్ళు మీ వెంటే" అని రాసి పోస్టర్ మీద అడ్డంగా అంటించాను. నాలుగో రోజంతా ఆ అతుకు పోస్టర్ కిందే నిలబడ్డాను. చెప్పొద్దూ, కొంచెం సిగ్గేసింది. కానీ ఆ రోజే నా గొంతు కాస్త మామూలుగా వచ్చింది.

ఇక మీ సంగతి. జాడ మిగలడం కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. షాపు కంప్యూటర్లో కీలాగర్ కూర్చుని ఉంటే మీరు కొట్టే ప్రతి అక్షరం అది రాసుకుంటుంది. బ్రౌజర్ మీదైనా కీబోర్డు వాళ్ళది కదమ్మా! పాస్‌వర్డులు పెన్‌డ్రైవ్‌లో కీపాస్ అనే ప్రోగ్రాంలో తాళం వేసి పెట్టుకున్నా, ఆ తాళం తెరిచేది అదే కీబోర్డు మీద. కాబట్టి బ్యాంకు పని అక్కడ వద్దే వద్దు. మీ ఫోన్లో చేసుకోండి, లేదా బ్యాంకుకే వెళ్ళండి. పోర్టబుల్ బ్రౌజర్ పరీక్షల హాల్‌టికెట్ తీసుకోవడానికి, బస్ టైములు చూసుకోవడానికి బాగా పనికొస్తుంది.

అన్నట్టు, జిరాక్స్ షాపుకి వెళ్ళే పెన్‌డ్రైవ్ ఒకటి విడిగా పెట్టుకోండి. ఊళ్ళో వైరస్‌లన్నీ కలుసుకునే రచ్చబండ అదే. ప్రింట్ కావలసిన పీడీఎఫ్ తప్ప అందులో ఇంకేం పెట్టకండి. ఇంటికొచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనబడితే వాటి మీద నొక్కకండి. అసలు ఫోల్డర్లు దాచేసి ఉంటాయి, పోలేదు. వైరస్‌ను ముందు తుడిపించి, తరవాత వాటిని బయటికి తీయించండి.

*

ప్రశ్న: అన్నీ క్లౌడ్‌లో ఉన్న ఈ రోజుల్లో పెన్‌డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్ పట్టుకు తిరిగే అవసరం ఎవరికి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

చాలామందికి లేదు. ఆ సంగతి నాకు తెలిసిన రోజు కూడా గుర్తుంది. 2007 జనవరి 9న మళ్ళీ అదే ప్రదర్శనలో, మళ్ళీ అదే మాటలు చెబుతున్నాను. "మీ కంప్యూటర్ మీ జేబులో" అంటున్నాను. ఎదురుగా నిలబడ్డవాళ్ళు నన్ను చూడడం లేదు, ఒకరితో ఒకరు గుసగుసలాడుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపించాడట! మాది జేబులో పట్టేదే కానీ ఇంకొకరి కంప్యూటర్ లేనిదే అక్కరకు రాదు. వాళ్ళది ఎవరినీ అడగనక్కర్లేదు.

అయినా కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళకు, ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు (మీ ఐటీ విభాగాన్ని అడిగి మాత్రమే సుమా), ఇంటర్నెట్ సరిగ్గా లేని ఊళ్ళలో పాఠాలు చెప్పేవాళ్ళకు ఇప్పటికీ కావాలి. నా పర్సులో ఇప్పటికీ ఒకటుంది. ఫైళ్ళు కుదించే 7-జిప్, వీఎల్‌సీ, ఒక పీడీఎఫ్ రీడర్ ఉంటాయి అందులో. చుట్టాలింటికి వెళ్తే "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా" అని కాఫీ ఇవ్వకముందే ఏదో ఒకటి ముందు పెడతారు.

*

ప్రశ్న: ఆ రోజు చూపించిన పెన్‌డ్రైవ్ ఇంకా మీ దగ్గర ఉందా?
– పాఠకురాలు, అనంతపురం

రెండు ఉండాలి, బీరువా సొరుగులో. మీ ఉత్తరం చూసి వెతికి తీశాను. మొదటిది పెడితే "డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అంది. దానికి అయిపోయింది. ఫ్లాష్ మెమరీలో రాసిందంతా చిన్న చిన్న గదుల్లో బందీగా ఉండే కరెంటు, అది ఏళ్ళ తరబడి మెల్లగా జారిపోతుంది. పిల్లల చిన్ననాటి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే ఇంకోచోటికి కూడా కాపీ చేసుకోండి.

రెండోది తెరుచుకుంది. మా మెనూ రాలేదు కానీ ఫైళ్ళు ఉన్నాయి. ఆ సగం ఉత్తరం ఉంది, కామా దగ్గర ఆగి. పక్కనే ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. మొదట గుర్తుపట్టలేదు, తెరిచాక నవ్వొచ్చింది. రెండే లైన్లు ఉన్నాయి. మొదటిది "ముందు ఎఫ్ చూడు". రెండోది "పోస్టర్‌కి టేపు కొనాలి".